ఏడు నిమిషాల గీతలు

తెర మొత్తం నల్లగా ఉంటుంది. అందులో ఏటవాలుగా ఒక తెల్లటి ఆకారం మొలుస్తుంది. ముందు నాలుగు గీతలు, వాటి పక్కన ఒక వంపు, ఆ వంపును ఆనుకుని దువ్వెన పళ్ళలాంటి సన్న గీతల వరుస. ఒక్కొక్కటే వచ్చి చేరుతుంది. ఆకారం పూర్తయిందని మనం అనుకునేలోపే వచ్చిన గీతలు ఒక్కొక్కటిగా మాయమవడం మొదలవుతుంది. ఈలోగా అదే ఆకారం అద్దంలో చూసినట్టు రెండోవైపుకి వాలి మళ్ళీ పుడుతుంది. మాట లేదు, పాట లేదు, మనిషి లేడు, కథ లేదు. ఇలా సుమారు ఏడు నిమిషాలు సాగి అయిపోతుంది.

మొదటిసారి చూసినవాళ్ళు ఎవరైనా "ఇదేదో పాత కంప్యూటర్ స్క్రీన్ సేవర్‌లా ఉందే" అంటారు. అనడం తప్పేం కాదు. కాకపోతే ఇది 1924లో పూర్తయిన సినిమా. అప్పటికి కంప్యూటర్ లేదు, యానిమేషన్ సాఫ్ట్‌వేర్ అన్న ఊహే లేదు. దీని పేరు 'డయాగొనల్ సింఫనీ'. డయాగొనల్ అంటే మన లెక్కల పుస్తకంలో కర్ణం. చేసినాయన స్వీడన్‌కి చెందిన చిత్రకారుడు వీకింగ్ ఎగ్గెలింగ్. ఆ మొదటి పేరు సముద్రాల మీద తిరిగిన 'వైకింగ్' యోధుల పేరే, స్వీడిష్ వాళ్ళు దాన్ని వీకింగ్ అని పలుకుతారు.

ఎగ్గెలింగ్ చేసిన సినిమాల్లో ఇవాళ మనకి దొరికేది ఇదొక్కటే. నలభై నాలుగేళ్ళు బతికిన మనిషి చివరికి ఈ ఏడు నిమిషాల దగ్గరికి ఎలా వచ్చాడు? కుంచె పట్టుకున్నవాడికి కెమెరాతో పనేం పడింది? సినిమా కన్నా ఈ ప్రశ్నలే ఎక్కువ ఆసక్తిగా ఉంటాయి. వాటికి జవాబులు తెలిశాక సినిమా కూడా వేరేగా కనిపిస్తుంది.

లుండ్ నుంచి పారిస్ దాకా

ఎగ్గెలింగ్ 1880 అక్టోబర్ 21న దక్షిణ స్వీడన్‌లోని లుండ్ అనే యూనివర్సిటీ ఊళ్ళో పుట్టాడు. తండ్రి జర్మనీ నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డవాడు, సంగీత సామగ్రి దుకాణం నడిపేవాడు. అంటే ఇంట్లో రంగుల కన్నా ముందు వినిపించింది సంగీతం. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పదహారేళ్ళకే తల్లిదండ్రులు లేనివాడయ్యాడు. చిత్రకారుడు కావాలని జర్మనీ వెళ్ళాడు. 1901 నుంచి 1907 దాకా ఇటలీలోని మిలాన్‌లో కళల చరిత్ర చదివాడు. ఖర్చులకి ఎవరూ డబ్బు పంపలేదు, పద్దులు రాసే గుమాస్తాగా పనిచేసుకుంటూ చదివాడు. ఆ తర్వాత నాలుగేళ్ళు స్విట్జర్లాండ్ కొండల మధ్య జూఓట్స్ అనే ఊళ్ళో ఒక బడిలో డ్రాయింగ్ మాస్టారు. ఇప్పటిదాకా చూస్తే సెలవుల్లో బొమ్మలు వేసుకునే ఒక మామూలు ఉద్యోగి జీవితం.

1911లో పారిస్ చేరాడు. అప్పుడు పారిస్‌లో క్యూబిజం వేడిమీద ఉంది. మోడిలియానీ, జాన్ ఆర్ప్ లాంటి కళాకారులతో పరిచయాలయ్యాయి. అక్కడే లియోపోల్ సుర్వాజ్ అనే ఇంకో చిత్రకారుడు కూడా తెలుసు. ఈ సుర్వాజ్ 1913 ప్రాంతంలో ఒక వింత పని తలపెట్టాడు. రంగుల ఆకారాలు వరుసగా మారుతూ పోయే బొమ్మలు పదులకొద్దీ వేసి, వాటిని సినిమాగా తీయాలనుకున్నాడు. 'రంగుల లయ' అని దానికి పేరు. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చిపడింది, సినిమా రాలేదు, కాగితాల మీద బొమ్మలు మిగిలాయి. ఎగ్గెలింగ్ ఆ రోజుల్లో ఇంకా చెట్లూ కొండలూ గీస్తున్నాడు. కానీ చెట్టులో ఆకులు తగ్గిపోయి కొమ్మల వాలు మాత్రం మిగలడం అప్పుడే మొదలైంది.

కదలికని బొమ్మలో ఎలా పెట్టాలి?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి అసలు సమస్య ఏమిటో చూద్దాం. బొమ్మ కదలదు. కానీ లోకంలో అన్నీ కదులుతాయి. ఈ చిక్కుని విప్పడానికి అప్పట్లో చాలామంది ప్రయత్నించారు.

1880లలో ఎటియెన్ జూల్ మారే అనే ఫ్రెంచ్ శరీరశాస్త్రవేత్త, నడుస్తున్న మనిషి, ఎగురుతున్న పక్షి వరుస భంగిమల్ని ఒకే ఫొటో ప్లేటు మీద తీశాడు. ఒక రకంగా అది గ్రాఫ్ షీట్ మీద డేటా పాయింట్లు పెట్టినట్టే. 1912లో మార్సెల్ దుషాంప్ మెట్లు దిగుతున్న మనిషిని వేశాడు, ఒకే మనిషి ఒకదాని వెనక ఒకటిగా పేర్చిన పలకల్లా కనిపిస్తాడు. అదే ఏడాది ఇటలీలో జియాకొమో బాల్లా గొలుసుతో నడుస్తున్న కుక్కపిల్లని వేశాడు, దానికి లెక్కలేనన్ని కాళ్ళు. చూడ్డానికి సరదాగా ఉంటుంది, పరుగు కూడా తెలుస్తుంది.

కానీ గమనిస్తే వీటన్నిటిలోనూ కదిలేది ఒక వస్తువు. కాళ్ళూ రెక్కలూ కదిలిన జాడల్ని కాన్వాస్ మీద పరిచారు. కదలిక అప్పటికే జరిగిపోయింది, మనం చూస్తున్నది దాని అచ్చు.

ఎగ్గెలింగ్ అడిగిన ప్రశ్న ఇది కాదు. వస్తువే లేకపోతే కదలిక ఉంటుందా? సంగీతంలో ఉంది కదా! పాటలో ఏ వస్తువూ ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోదు. అయినా అది నడుస్తుంది అంటాం, పరుగెత్తింది అంటాం, ఆగింది అంటాం. ఒక స్వరం ఒంటరిగా ఉంటే దానికి నడక లేదు. ముందు ఏ స్వరం వచ్చింది, తర్వాత ఏది రాబోతోంది అన్నదాన్ని బట్టే నడక పుడుతుంది. గీతలకీ అలాంటి నడక ఎందుకు ఉండకూడదు? ఒక గీత పక్కన ఇంకో గీత వచ్చినప్పుడు ఆ రెంటి మధ్య జరిగేదే కదలిక ఎందుకు కాకూడదు? దుకాణం నిండా సంగీతం ఉన్న ఇంటి నుంచి వచ్చిన మనిషి కదా, ఈ దారి పట్టడంలో ఆశ్చర్యం లేదు.

జూరిక్‌లో ఒక సీరియస్ మనిషి

యుద్ధం మొదలయ్యాక 1915లో ఎగ్గెలింగ్ స్విట్జర్లాండ్ తిరిగొచ్చాడు. 1918లో జూరిక్ చేరాడు. ఆ ఊళ్ళో అప్పుడు డాడా ఉద్యమం నడుస్తోంది. యుద్ధానికి కారణమైన నాగరికత మీద కోపంతో కొందరు యువకులు అర్థంలేని కవితలు చదువుతూ, డప్పులు మోగిస్తూ, పద్ధతిగా ఉన్న ప్రతిదాన్నీ వెక్కిరిస్తున్నారు. ఎగ్గెలింగ్ వాళ్ళతో కలిసి తిరిగాడు, వాళ్ళ ప్రదర్శనల్లో పాల్గొన్నాడు. కానీ ఆయన చేస్తున్న పని మాత్రం దానికి పూర్తిగా తలకిందులు. మిగతావాళ్ళు వ్యాకరణాన్ని పగలగొడుతుంటే ఆయన గీతలకి వ్యాకరణం రాస్తున్నాడు!

డాడా కవి ట్రిస్టన్ జారా ఆయన్ని హాన్స్ రిక్టర్ అనే జర్మన్ చిత్రకారుడికి పరిచయం చేశాడు. రిక్టర్ వయసు అప్పటికి ముప్ఫై, ఎగ్గెలింగ్ కన్నా ఎనిమిదేళ్ళు చిన్నవాడు. ఆయన కూడా వేరే దారిలో ఇదే చోటికి వచ్చి ఉన్నాడు. తన బొమ్మల్లో నలుపుకీ తెలుపుకీ మధ్య తూకం ఎలా కుదర్చాలా అని ఆలోచిస్తుంటే, స్వరకర్త బుసోనీ బాఖ్ సంగీతాన్ని పరిశీలించమని సలహా ఇచ్చాడని రిక్టర్ రాసుకున్నాడు. ఇద్దరికీ ఇట్టే కుదిరింది.

ఎగ్గెలింగ్ తన సిద్ధాంతాన్ని 'చిత్రకళకి జనరల్ బాస్' అనేవాడు. ఇది పాత యూరప్ సంగీతం నుంచి తీసుకున్న మాట. ఆ సంగీతంలో కింది స్వరాల వరుసని మాత్రం రాసి, దాని కింద కొన్ని అంకెలు వేసేవారు. ఆ అంకెలు చూసి వాయించేవాడు పై స్వరాలన్నీ తానే కట్టుకునేవాడు. అంటే కొన్ని మూల నియమాలు చేతిలో ఉంటే మొత్తం కట్టడాన్ని వాటి నుంచి పుట్టించవచ్చు. చిత్రకళకి అలాంటి మూల నియమాలు లేవన్నది ఎగ్గెలింగ్ బాధ.

ఆయన పట్టుకున్న మూలసూత్రం వినడానికి చాలా సింపుల్. రూపాల్ని ఎదురెదురు జంటలుగా పెట్టడం. నిలువు, అడ్డం. వంపు, తిన్నన. చిన్నది, పెద్దది. ఒంటరిది, గుంపు. ఖాళీ, నిండుదనం. కానీ ఎదురెదురుగా పెట్టి వదిలేస్తే అది గొడవ మాత్రమే అవుతుంది. కాబట్టి రెండిటినీ కలిపే పోలిక ఒకటి ఉండాలి. నిలువు గీతకి అడ్డగీత ఎదురు, కానీ రెండూ ఒకే పొడవు. ఈ వంపు ఆ వంపుకి తిరగబడింది, కానీ రెంటి చివరా అవే మూడు పళ్ళు. వైరం వల్ల కదలిక పుడుతుంది, పోలిక వల్ల ఆ కదలిక తెగిపోకుండా ఉంటుంది. ఇంజనీరింగ్ డ్రాయింగ్ క్లాసులో ఒకే వస్తువుకి ముందు నుంచి ఒక బొమ్మ, పైనుంచి ఒక బొమ్మ వేసినప్పుడు, రెండూ వేరుగా ఉంటూనే ఒకదానికొకటి కట్టుబడి ఉంటాయి చూడండి, కాస్త అలాంటిదే.

కాగితపు చుట్టలు

యుద్ధం ముగిశాక ఇద్దరూ జర్మనీ వెళ్ళి, క్లైన్ కోల్జిగ్ అనే పల్లెలో రిక్టర్ కుటుంబానికి ఉన్న ఎస్టేట్‌లో మకాం పెట్టారు. పగలూ రాత్రీ అదే పని. ఒక మూలరూపం తీసుకోవడం, దాన్ని కొంచెం మార్చి పక్కన గీయడం, ఇంకొంచెం మార్చి దాని పక్కన గీయడం. విడి కాగితాలు చాలక పొడవాటి కాగితపు చుట్టల మీద గీయడం మొదలుపెట్టారు. ఎగ్గెలింగ్ చుట్టల్లో ఒకదానికి 'అడ్డం నిలువుల ఆర్కెస్ట్రా' అని పేరు, ఇంకోటి 'డయాగొనల్ సింఫనీ'.

చుట్టని విప్పుకుంటూ పోతే కన్ను ఒక దశ నుంచి ఇంకో దశకి నడుస్తుంది. మామూలు చిత్రాన్ని మనం ఒక్కసారిగా చూస్తాం, చుట్టని మాత్రం క్రమంలో చూడాలి. ముందు వచ్చింది గుర్తుంటుంది, తర్వాత వచ్చేది తెలియదు. అంటే చిత్రంలోకి కాలం వచ్చేసింది. ఎగ్గెలింగ్‌కి కావలసింది అదే.

కానీ చుట్ట ఒక చిక్కు కూడా తెచ్చింది. అందులో దశల వరుస ఉంది గానీ వేగం లేదు. ఒక దశ దగ్గర మీరు పది సెకన్లు ఆగొచ్చు, నేను ఒక్క సెకనులో దాటిపోవచ్చు. సంగీతంలో అయితే స్వరం ఎంతసేపు నిలవాలో రాసినవాడే నిర్ణయిస్తాడు. ఆ అధికారం చుట్ట గీసినవాడికి లేదు. అది కావాలంటే మిగిలిన దారి ఒక్కటే, సినిమా.

స్టూడియో తలుపు తెరుచుకుంది, కానీ...

1920లో ఇద్దరూ కలిసి 'సార్వత్రిక భాష' అని ఒక చిన్న కరపత్రం అచ్చువేసి పలుకుబడి ఉన్నవాళ్ళకి పంపారు. ఏ దేశపు భాషా తెలియకపోయినా అందరికీ అర్థమయ్యే రూపాల భాష ఒకటి సాధ్యమని అందులో వాదన. నాలుగేళ్ళు యూరప్ దేశాలు ఒకదాన్నొకటి చంపుకున్న తర్వాత వచ్చిన మాట ఇది. అందుకని దీన్ని ఉత్త కళా సిద్ధాంతం అనుకోకూడదు, అందులో ఒక ఆశ ఉంది. కరపత్రం పనిచేసింది. జర్మనీలో అతిపెద్ద సినిమా కంపెనీ ఊఫా వాళ్ళకి స్టూడియో వసతి, సాంకేతిక సాయం ఇచ్చింది.

అక్కడ తేలింది అసలు కష్టం. చుట్ట మీద ఒక దశకీ ఇంకో దశకీ మధ్య ఉన్న ఖాళీని కన్ను దానంతటదే దూకేస్తుంది. కెమెరా దూకదు. మధ్యలో వచ్చే ప్రతి చిన్న మార్పునీ ఎవరో ఒకరు చేసి పెట్టాలి. గీత ఎన్ని ఫ్రేముల్లో పెరగాలి? పెరిగాక ఎన్ని ఫ్రేములు నిలవాలి? పోయేటప్పుడు వచ్చిన వేగంతోనే పోవాలా? చుట్ట ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ జవాబు చెప్పదు. ఇవాళ మనం సాఫ్ట్‌వేర్‌లో మొదటి కీ ఫ్రేమ్, చివరి కీ ఫ్రేమ్ ఇస్తే మధ్యది అదే నింపేస్తుంది. ఎగ్గెలింగ్ చుట్టలన్నీ కీ ఫ్రేములే, మధ్యది నింపే యంత్రం లేదు.

స్నేహం కూడా ఎక్కువ కాలం నిలవలేదు. 1921లో హంగేరియన్ పత్రిక 'మా'లో చలన కళ సూత్రాల మీద ఎగ్గెలింగ్ పేరుతో ఒక వ్యాసం వచ్చింది. అదే ఏడాది డచ్ పత్రిక 'డె స్టైల్'లో అవే ఆలోచనలతో రిక్టర్ పేరుతో ఒక వ్యాసం వచ్చింది. కలిసి పనిచేసినప్పుడు ఏ ఆలోచన ఎవరిదో విడదీయడం ఎంత కష్టమో ప్రాజెక్టులు చేసిన మనకి చెప్పక్కర్లేదు. ఆ తర్వాత ఇద్దరి దారులూ వేరయ్యాయి.

1922లో ఎగ్గెలింగ్ సొంతంగా ఒక సినిమా కెమెరా కొన్నాడు. 'అడ్డం నిలువుల ఆర్కెస్ట్రా' చుట్టని సినిమాగా తీసి 1923లో కొందరికి చూపించాడు. పది నిమిషాల సినిమా. అది ఆయనకి తృప్తినివ్వలేదు, పక్కన పెట్టేశాడు. ఇవాళ అది ఎక్కడా లేదు.

ఎర్నా నీమాయర్ చేతులు

1923 వేసవిలో 'డయాగొనల్ సింఫనీ' పని మొదలైంది. ఈసారి ఎగ్గెలింగ్ పక్కన ఇంకో మనిషి ఉంది. పేరు ఎర్నా నీమాయర్, వయసు ఇరవై ఒకటి, వైమార్‌లోని బౌహౌస్ కళాశాల విద్యార్థిని. వయసులో చూస్తే మన ఫైనలియర్ సీనియర్ లాంటిది. సినిమా తీయడంలో ముందు అనుభవం లేదు. పని చేస్తూ నేర్చుకుంది.

అప్పటి బెర్లిన్ పరిస్థితి కూడా తెలియాలి. జర్మన్ మార్కు విలువ రోజురోజుకీ కాదు, గంటగంటకీ పడిపోతోంది. 1923 నవంబర్‌కి ఒక అమెరికన్ డాలరు కొనాలంటే 4.2 లక్షల కోట్ల మార్కులు కావలసి వచ్చింది. అలాంటి రోజుల్లో ఇద్దరు మనుషులు ఎవరూ కొనని, ఎవరూ అడగని ఒక సినిమా కోసం గీతలు కత్తిరిస్తూ కూర్చున్నారు.

పద్ధతి ఇది. ముందు కాగితంతో, తర్వాత పల్చటి తగరపు రేకుతో ఆకారాలు కత్తిరించారు. ఆకారాన్ని కెమెరా ముందు పెట్టి ఒక్క ఫ్రేమ్ తీయాలి. గీత పెరుగుతున్నట్టు కనిపించాలంటే ఇంకో పిసరు బయటపెట్టి ఇంకో ఫ్రేమ్. మళ్ళీ ఇంకో పిసరు, ఇంకో ఫ్రేమ్. అదే సమయంలో పక్కనున్న వంపు తరిగిపోతుండాలంటే దాన్నీ అంతే కొలతతో తగ్గిస్తూ రావాలి. చెయ్యి కాస్త కదిలినా తెరమీద గీత వణుకుతుంది. ఎక్కడ తప్పు జరిగిందో ఫిల్ము కడిగి, ఆడించి చూసేదాకా తెలియదు.

ఒక చిన్న లెక్క వేద్దాం. మూకీ సినిమాలకి కచ్చితమైన వేగం అంటూ ఉండేది కాదు. సెకనుకి 16 ఫ్రేములే అనుకుందాం. ఏడు నిమిషాలంటే 420 సెకన్లు. 420ని 16తో గుణిస్తే 6,720. అంటే దాదాపు ఏడువేల సార్లు ఆకారాన్ని సర్ది, కొలిచి, కెమెరా తిప్పి, మళ్ళీ సర్దాలి. పాడైపోయినవీ, మళ్ళీ తీసినవీ ఈ లెక్కలో లేవు. ఊహ ఎగ్గెలింగ్‌దే, ప్రతి మార్పునీ నిర్ణయించింది ఆయనే. కానీ ఆ ఊహ ఫ్రేముల్లోకి దిగడంలో నీమాయర్ చేతుల పాత్ర చాలా పెద్దది.

చూసేటప్పుడు ఏం చూడాలి?

ఇప్పుడు సినిమా దగ్గరికి తిరిగి వద్దాం. మూడు సంగతులు గమనిస్తే చాలు, స్క్రీన్ సేవర్ అన్న అభిప్రాయం పోతుంది.

మొదటిది, ఇందులో ఆకారాలు తెర మీద అటూ ఇటూ పరుగెత్తవు. కారు ఎడమ నుంచి కుడికి పోయినట్టు ఏదీ పోదు. ఉన్నచోటే పుడతాయి, పెరుగుతాయి, తరుగుతాయి. అయినా మనకి కదలిక కనిపిస్తూనే ఉంటుంది. వస్తువు లేని కదలిక అని పైన చెప్పుకున్నది ఇదే.

రెండోది, పుట్టుక, పోవడం ఒకేసారి జరుగుతుంటాయి. ఒక గుంపు గీతలు అల్లుకుంటుంటే ఇంకో గుంపు విడిపోతుంది. రెండు గొంతులు ఒకదానికొకటి జవాబు చెప్పుకుంటున్నట్టు ఉంటుంది. ఎడమకి వాలిన ఆకారానికి కుడికి వాలిన ఆకారం జవాబు, పళ్ళున్న వంపుకి పళ్ళులేని వంపు జవాబు.

మూడోది, వాలు. అడ్డగీత పడుకుని ఉన్నట్టు ఉంటుంది, నిలువుగీత నిలబడి ఉన్నట్టు ఉంటుంది. రెండూ స్థిరంగా ఉంటాయి. ఏటవాలు గీత మాత్రం ఇప్పుడే పడబోతున్నట్టో లేవబోతున్నట్టో ఉంటుంది. కదలకుండానే కదలబోయే గీత అది. 'ఆర్కెస్ట్రా'లో అడ్డం, నిలువుల పేరు పెట్టుకున్న మనిషి 'సింఫనీ'కి కర్ణం పేరు పెట్టాడంటే, ఈ రెండు సినిమాల మధ్య ఆయన ఎంత దూరం నడిచాడో తెలుస్తుంది.

పేరులో సింఫనీ ఉన్నా సినిమా మూకీయే. దీనికి సంగీతం అక్కర్లేదు, ఎందుకంటే సంగీతం చేసే పని ఇక్కడ గీతలే చేస్తున్నాయి. ఇంటర్నెట్‌లో దొరికే కొన్ని కాపీలకి ఎవరెవరో తర్వాత కట్టిన సంగీతం ఉంటుంది. అది మన ధ్యాసని లాగేసుకుని, గీతల లయని తన తాళానికి కట్టేస్తుంది.

పదహారు రోజులు

1924 నవంబర్ 5న ఎగ్గెలింగ్ కొద్దిమంది మిత్రులకి సినిమా చూపించాడు. ప్రజల ముందుకి వచ్చింది మాత్రం 1925 మే 3న, ఒక ఆదివారం. బెర్లిన్‌లోని ఊఫా సినిమా హాల్లో, నవంబర్ గ్రూప్ అనే కళాకారుల సంఘం 'నిరపేక్ష సినిమా' అన్న పేరుతో ప్రదర్శన పెట్టింది. కథల మీదా నటుల మీదా ఆధారపడని సినిమా అని ఆ పేరుకి అర్థం. వాల్టర్ రూట్‌మన్ సినిమాలు, ఫ్రాన్స్ నుంచి ఫెర్నాన్ లెజే, రెనే క్లెయిర్‌ల సినిమాలు ఆ కార్యక్రమంలో ఉన్నాయి. రిక్టర్ సినిమా కూడా ఉంది. విడిపోయిన మిత్రులిద్దరి పనీ ఒకే తెరమీద, ఒకే పూట ఆడింది.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. అమూర్త సినిమాని మొదట ప్రజలకి చూపించింది ఎగ్గెలింగ్ కాదు. రూట్‌మన్ తన మొదటి 'ఓపస్'ని 1921లోనే, రంగులతో, సంగీతంతో చూపించాడు. రూట్‌మన్ ఆకారాలు అలల్లా ఉబికి వస్తాయి, చూడ్డానికి హాయిగా ఉంటాయి. ఎగ్గెలింగ్ గొప్పతనం మొదటివాడు కావడంలో లేదు. ఒక గీత తర్వాత ఇంకో గీత ఎందుకు రావాలి అన్న ప్రశ్నకి జవాబు దొరికేదాకా వదలకపోవడంలో ఉంది.

ఆ ప్రదర్శన జరిగిన పదహారు రోజులకి, 1925 మే 19న ఎగ్గెలింగ్ బెర్లిన్‌లో చనిపోయాడు. నలభై నాలుగేళ్ళు.

తర్వాత ఎవరు చెప్పారు?

మనిషి పోయాక కథ మిగిలినవాళ్ళ చేతుల్లోకి పోతుంది. రిక్టర్ 1976 దాకా బతికాడు. అమెరికా వెళ్ళి సినిమా పాఠాలు చెప్పాడు, డాడా మీద పుస్తకం రాశాడు. వాటిలో ఎగ్గెలింగ్‌ని గౌరవంగానే తలచుకున్నాడు. ఆయనే రాయకపోతే చాలామందికి ఈ పేరే తెలిసేది కాదు. కానీ ఎంత గౌరవంగా చెప్పినా అది ఒక పక్షం చెప్పిన కథ. రిక్టర్ తన 'రిథ్మస్ 21' సినిమాకి 1921 అని తేదీ వేసుకున్నాడు. అది నిజంగా ఆ ఏడాదే పూర్తయిందా అని సినిమా చరిత్రకారులు అనుమానించారు. రెండోపక్షం మనిషి 1925లోనే పోయాడు, తన మాట చెప్పుకునే అవకాశం లేదు. 1971లో లూయీస్ ఓకోనోర్ అనే స్వీడిష్ పరిశోధకురాలు ఎగ్గెలింగ్ నోటు పుస్తకాలు, బొమ్మలు వెతికి తీసి ఆయన జీవితం మీద పెద్ద గ్రంథం ప్రచురించాక, ఆ మాట కొంతైనా వినిపించింది.

మరి ఎర్నా నీమాయర్? ఆమె 1926లో ఇదే హాన్స్ రిక్టర్‌ని పెళ్ళి చేసుకుంది, తర్వాత విడిపోయింది. పారిస్ వెళ్ళి ఫ్యాషన్ స్టూడియో పెట్టింది. ఫ్రెంచ్ కవి ఫిలిప్ సూపోని పెళ్ళాడి రే సూపో అన్న పేరుతో ఫొటోగ్రాఫర్‌గా, అనువాదకురాలిగా పనిచేసింది. 1996 దాకా బతికింది. ఆమె ఫొటోలకి గుర్తింపు ముసలితనంలో గానీ రాలేదు. 'డయాగొనల్ సింఫనీ' గురించిన చిన్న చిన్న పరిచయాల్లో ఇవాళ్టికీ చాలాసార్లు ఆమె పేరు కనిపించదు. ఏడువేల ఫ్రేముల లెక్క తెలిశాక ఆ పేరు లేకపోవడం కొట్టొచ్చినట్టు తెలుస్తుంది.

కాలేజీ ఫెస్ట్ పోస్టర్‌కి మోషన్ గ్రాఫిక్స్ చేసే మన క్లబ్బు మిత్రులు, ఫోన్ లోడింగ్ గుర్తు నుంచి సినిమా టైటిల్స్ దాకా గీతలు పుట్టి పెరిగి మాయమవడాన్ని రోజూ చూసే మనందరం, ఈ సినిమాని ఒక్కసారి చూడటం మంచిది. ఇంటర్నెట్‌లో తేలిగ్గానే దొరుకుతుంది. సౌండ్ మ్యూట్ చేసి, గదిలో లైటు తీసేసి, ఫోన్లో కాకుండా ల్యాప్‌టాప్ తెర మీద చూడండి. మొదటిసారి ఏమీ వెతకకుండా చూసేయండి. రెండోసారి మాత్రం పళ్ళున్న వంపు ఒకదాన్ని పట్టుకుని, అది ఎక్కడ పుట్టిందో, దేనికి జవాబుగా వచ్చిందో, ఏ గీతతో మొదలై ఏ గీతతో పోయిందో దాన్నే చూస్తూ ఉండండి.